జేజీ-11: ఒక గింజ చరిత్ర

నాయన ఆ సంచి తెచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి. నంద్యాల నుంచి బస్సులో వేసుకొచ్చి, కోయిలకుంట్ల బస్టాండు నుంచి ఇంటిదాకా భుజమ్మీద మోసి, అరుగు మీద దించాడు. పప్పుశనగ విత్తనం. అప్పటిదాకా మా చేలో వేసింది అన్నిగెరి రకం, అదీ కొంచెమే. మిగతాదంతా జొన్న, ధనియాలు, మధ్యలో కొన్నేళ్లు పొద్దుతిరుగుడు.

"ఏం రకం రా?" అని అడిగింది జేజి. మా వైపు నాయనమ్మను జేజి అంటాం.

"జేజీ లెవెన్."

"నా పేరెందుకు పెట్టినార్రా దానికి? అయినా నేను కనింది ఏడుగుర్నే గదా, పదకొండు మంది యాడున్నారు?"

ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్లు నడిచింది. శనగ బాగా పండిన ఏడు "జేజి కాపాడింది" అనేవాళ్లం. జేజి పోయి పన్నెండేళ్లు దాటింది. ఆ విత్తనం పేరుకు అసలు అర్థం మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జేజీ అంటే జవహర్ గ్రామ్. మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయం ఉంది. వాళ్లు విడుదల చేసే రకాల పేర్లకు ముందు జవహర్ చేరుతుంది. గ్రామ్ అంటే ఇంగ్లీషు వర్తకుల భాషలో శనగ. కానీ జబల్‌పూర్ పేరు పెట్టకముందే దానికి ఇంకో పేరుంది, ఐసీసీవీ 93954. అది హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇచ్చిన నంబరు. ఆ నంబరు వెనక్కి పోతే దారి ఇటలీలోని ఒక సరస్సు ఒడ్డుకు చేరుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. ఆర్థికశాస్త్రం, వ్యవసాయశాస్త్రం చదవలేదు. ఎక్కడో ఒక లోపం కనబడితే అది ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోవడం మాత్రం నా వృత్తి. ఈ వ్యాసం అట్లా వెతుక్కుంటూ పోయిందే.

*

1969 ఏప్రిల్‌లో కోమో సరస్సు ఒడ్డున, బెలాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ విడిదిలో ఒక సమావేశం జరిగింది. వచ్చినవాళ్లు ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, దాత దేశాల సహాయ సంస్థలు, ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల పెద్దలు. అప్పటికే ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8 వరిని ఇచ్చింది. మెక్సికో నుంచి పొట్టి గోధుమ వచ్చింది. ఈ పరిశోధన కేంద్రాలను రెండు అమెరికన్ ఫౌండేషన్లే ఎన్నాళ్లు పోషించగలవు, ప్రపంచం తలా కొంచెం వేసుకోకపోతే ఎట్లా అన్నది అక్కడి చర్చ. తర్వాత మరికొన్ని సమావేశాలు జరిగాయి. 1971 మేలో వాషింగ్టన్‌లో సీజీఐఏఆర్ పుట్టింది, అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంప్రదింపుల బృందం. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా దీని వెనక గట్టిగా నిలబడ్డాడు.

దాని నిర్మాణం నాకు భలే వింతగా అనిపించింది. కొన్ని దశాబ్దాల పాటు దానికి చట్టబద్ధమైన రూపం లేదు. ఓట్లు లేవు. డబ్బులిచ్చే దేశాలు ఒకవైపు, శాస్త్రవేత్తలు ఒకవైపు కూచుని, మాట్లాడుకుని, అందరూ ఒప్పుకున్నదే నిర్ణయం అనేవాళ్లు. మా ఊరి రచ్చకట్ట పద్ధతే అనుకోండి, కాకపోతే కాఫీ మంచిది. 2010 ప్రాంతంలో సంస్కరణల పేరుతో దాన్ని ఒక కన్సార్టియంగా మార్చి ఫ్రాన్స్‌లోని మాంపెల్యేలో ఆఫీసు పెట్టారు. అంతకుముందైనా, తర్వాతైనా దాని ఆశ ఒకటే. ఆకలి ఏ ఒక్క దేశం సమస్యా కాదు కాబట్టి, దాని గురించి తెలిసినవాళ్లనూ దాని మీద సంతకం పెట్టగలిగేవాళ్లనూ ఒకే గదిలో కూచోబెట్టాలి.

ఈ ఆశ మా సీమకు కొత్తదేం కాదు. 1876-78 ధాత కరువు తర్వాత కర్నూలు జిల్లా జనాభా లెక్కలు చూస్తే కడుపులో తిప్పుతుంది. 1871కీ 1881కీ మధ్య దాదాపు నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు. ఆ కరువు మీద తెల్లదొరల ప్రభుత్వం కమిషన్ వేసింది. కమిషన్ 1880లో నివేదిక ఇస్తూ, ప్రతి రాష్ట్రంలో వ్యవసాయ శాఖ ఉండాలంది. అంటే మనుషులు పోయాక ప్రశ్న ఆఫీసుకు చేరింది. ఆ ఆఫీసు నుంచి మళ్లీ చేను దాకా రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం 1906లో మొదలైంది. మా నాయన ఆ సంచి మోసుకొచ్చింది ఆ ఊరి నుంచే.

*

సీజీఐఏఆర్ తనంతట తాను కొత్తగా పెట్టిన మొదటి సంస్థ మన దగ్గరే ఉంది. 1972లో పటాన్‌చెరు దగ్గర, దాదాపు 1,400 హెక్టార్లలో. అక్కడున్న పల్లెల్ని తరలించి ఆ నేల ఇచ్చారు. దాని పూర్తి పేరు అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ. మనందరి నోట్లో ఇక్రిశాట్. హరిత విప్లవమంతా నీళ్లున్న నేలకే పోయిందని, వాన మీద బతికే నేల మిగిలిపోయిందని గుర్తించడం వల్ల పుట్టింది. జొన్న, సజ్జ, కంది, శనగ, తర్వాత వేరుశనగ దాని పంటలు. ఈ జాబితా చూస్తే మా జేజి వంటింటి డబ్బాల వరసే.

అక్కడ రెండు నేలలు పక్కపక్కనే ఉన్నాయి, ఎర్ర నేల, నల్లరేగడి. శాస్త్రవేత్తలకు మొదట వింతగా కనబడింది నల్లరేగడి రైతు పద్ధతి. ముంగారి వానలన్నీ కురుస్తుంటే చేను బీడుగా వదిలేస్తాడు, వానలు పోయాక హింగారికి విత్తుతాడు. నాలుగు నెలల నేల, నాలుగు నెలల వాన వృథా కదా? దానికి విరుగుడుగా వెడల్పాటి మడులు, మధ్యలో కాలువలు, వానకాలం ఒక పంట, ఆ తర్వాత ఇంకో పంట అని ఒక విధానం తయారుచేశారు. దాని కోసం ఎద్దులు లాగే చక్రాల బండి లాంటి పరికరం ఉంది, ట్రాపికల్టర్. దుక్కి, విత్తనం, అంతరకృషి అన్నీ దానితోనే. క్షేత్రంలో అద్భుతంగా పండింది. మెదక్ జిల్లా పల్లెల్లో చేసి చూపించారు కూడా. రైతులు చూశారు, మెచ్చుకున్నారు, వెళ్లి తమ గొర్రూ గుంటకా తాము పట్టుకున్నారు. చక్రాల పరికరాల చరిత్ర మీద 1988లో పాల్ స్టార్కీ ఒక పుస్తకమే రాశాడు. దాని పేరును తెలుగులో చెప్పాలంటే, అన్నీ కుదిరినా వద్దన్నారు, అని.

ఎందుకు వద్దన్నారో నల్లరేగడి తొక్కినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. తడిస్తే కాలు ఊడిరాదు. ఎద్దు దిగబడుతుంది. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. మా నాయన దృష్టిలో బీడు వదలడం వృథా కాదు, నేలలో నీళ్లు దాచుకోవడం. పైగా ఆ పరికరం ఖరీదుకు అప్పు కావాలి. వానకాలం పంట పోతే ఆ అప్పు ఎవరు తీర్చాలి?

ఈ చివరి ప్రశ్నే ఇక్రిశాట్‌లోని ఆర్థికవేత్తలను పల్లెలకు పంపింది.

*

1975లో ఆరు ఊళ్లలో వాళ్లు మకాం పెట్టారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు. మహారాష్ట్రలో నాలుగు. ఒక్కో ఊళ్లో నలభై కుటుంబాలు. ఊళ్లోనే కాపురముండే పరిశోధకుడు కొన్ని వారాలకోసారి ఇంటింటికీ పోయి, ఏం విత్తారు, ఎవరు కూలికి పోయారు, ఎంత అప్పు తెచ్చారు, ఏం తిన్నారు, ఎద్దును ఎప్పుడు అమ్మారు అని రాసుకునేవాడు. పదేళ్లు. మళ్లీ 2001 నుంచి. ప్రపంచంలో ఆర్థికశాస్త్రం చదివే పిల్లలకు తెలిసిన తెలుగు ఊరు ఏదైనా ఉందంటే అది మన నవలల్లోని ఊరు కాదు, ఔరేపల్లె.

ఆ సమాచారం ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు. ఒక శనివారం రాత్రి నేను దించుకున్నాను. పనిలో రోజూ చూసే లాంటి వరసలే, గడులే. కానీ ఒక వరసలో ఎద్దు అమ్మకం, దాని కింద తిండిగింజల కొనుగోలు కనబడితే ఇది పట్టిక అని మర్చిపోతాం. మా తాత కరువులో ఎద్దులమ్మిన కథ నేను విన్నాను. అమ్మిన మరుసటేడు వాన బాగా కురిసింది, దున్నడానికి ఎద్దుల్లేవు. ఔరేపల్లె లెక్కల్లోంచి ఆర్థికవేత్తలు రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ 1993లో రాసిన పత్రం సరిగ్గా దీని గురించే.

అదే రోజెన్‌జ్వైగ్ అంతకు నాలుగేళ్ల ముందు స్టార్క్‌తో కలిసి ఇంకో పత్రం రాశాడు. ఆడపిల్లల్ని దూరపు ఊళ్లకు ఇచ్చిన ఇళ్లలో, పంట పోయిన ఏడు కూడా తిండి అంతగా తగ్గడం లేదని. అక్కడ వాన పడని ఏడు ఇక్కడ పడుతుంది కదా, వియ్యం భీమాగా పనిచేస్తుందన్నమాట. చదువుతూ ఆగిపోయాను. మా మేనత్తను కడప జిల్లాలో కేసీ కెనాల్ కింది ఊరికి ఇచ్చారు. పిల్లను అంత దూరం ఇచ్చినందుకు జేజి ఏళ్ల తరబడి తాతను తిట్టింది. కానీ 2002 కరువులో ఆ ఊరి నుంచే మాకు రెండు మూటల బియ్యం వచ్చాయి. తాతకు తెలుసా ఇదంతా? తెలిసే ఉంటుంది. చెప్పుకోవడానికి మాత్రం బాగుండదు, బిడ్డను భీమాగా ఇచ్చానని.

అన్నిటికన్నా నాకు నచ్చింది హాన్స్ బిన్స్‌వాంగర్ ఆడించిన ఆట. పల్లెవాళ్లకు నిజం డబ్బుతో బొమ్మా బొరుసా ఆడించాడు. ఒక పద్ధతిలో ఏది పడ్డా 50 రూపాయలు ఖాయం. ఇంకో చివర ఒకటి పడితే సున్నా, ఇంకోటి పడితే 200. మధ్యలో రకరకాల మెట్లు, ఎంత తెగిస్తే సగటున అంత ఎక్కువ వచ్చేట్టు. కూలి మనిషి నెల సంపాదనకు మించిన పందేలు కూడా అందులో ఉన్నాయి. 1980లో అచ్చయిన ఫలితమిది. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ మధ్య మెట్ల దగ్గరికే చేరారు, ఉన్నవాడూ లేనివాడూ పెద్ద తేడా లేకుండా. అంటే పేద రైతు పుట్టుకతో పిరికివాడు కాడు. కొత్తది వెయ్యడానికి జంకుతున్నాడంటే అది గుండెలో లోపం కాదు. అప్పు దొరకని లోపం, పోతే నిలబెట్టేది లేని లోపం. "రైతులకు చెప్తే అర్థం కాదు" అని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఈ నాణెం గుర్తొస్తుంది.

*

శనగ కథ ఈ రెంటికీ మధ్యలో నడిచింది. శనగ చలి కోరే పంట. ఉత్తరాదిలో చలి పొడుగు. మనకు సంక్రాంతి దాటితే ఎండ మొదలు. పాత రకాలు కాయ నిండేలోపు నేలలో పదును ఆరిపోయేది, పైన వేడి తగిలేది. దానికి తోడు ఎండు తెగులు. పటాన్‌చెరులో శాస్త్రవేత్తలు పట్టుకున్నది ఈ కొసనే. ఎక్కువ కాసే మొక్క కన్నా ముందు, తొందరగా ముగించుకునే మొక్క కావాలి. 1989లో ఆంధ్రప్రదేశ్‌లో శ్వేత అనే కాబూలీ రకం విడుదలైంది, చాలా తక్కువ కాలంలో పండేది. పదేళ్లకు, 1999లో, జేజీ-11. వంద రోజుల లోపు పంట, ఎండు తెగులును తట్టుకుంటుంది, గింజ లావు.

మళ్లీ ఆ దారి చూడండి. పటాన్‌చెరుకూ కోయిలకుంట్లకూ మధ్య మూడొందల చిల్లర కిలోమీటర్లు. గింజ మాత్రం జబల్‌పూర్ చుట్టి వచ్చింది. ఇక్రిశాట్ విత్తన నిధిలో ఒక్క శనగవే ఇరవై వేల దాకా నమూనాలున్నాయి. 1994లో సీజీఐఏఆర్ సంస్థలు తమ విత్తన నిధుల్ని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థతో ఒప్పందం చేసుకుని లోకం తరఫున ధర్మకర్తల్లా ఉంచాయి. ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. మా వృత్తిలో ఓపెన్ సోర్స్ అంటాం, అదే ఇది. ఎవరో రాసింది ఇంకెవరో తీసుకుని, తమ నేలకు సరిచేసుకుని, తమ పేరుతో విడుదల చేస్తారు. రాయల్టీ లేదు. నంద్యాల శాస్త్రవేత్తలు ఆ తర్వాత తమ సొంత రకాలు తెచ్చారు. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ధీర అందులో ఒకటి. శనగాకు పులుపుకు చేతులు పగిలేలా మొక్కలు పీకిన ఆడవాళ్లను అడగండి ఆ రకం విలువ.

ట్రాపికల్టర్‌ను వద్దన్న రైతే జేజీ-11ను రెండు చేతులా తీసుకున్నాడు. ఎందుకంటే అది అతని పద్ధతిని తప్పు పట్టలేదు. బీడు అట్లాగే ఉండనిచ్చింది, అదే హింగారిలో, అదే గొర్రుతో, నేలలో దాచిన అదే నీళ్లతో వచ్చింది. కర్నూలు, ప్రకాశం, కడప, అనంతపురం నల్లరేగళ్లలో పదేళ్లలోపే శనగ కొన్ని రెట్లు పెరిగింది. దిగుబడి పాతదానికి రెట్టింపు దాటి దేశపు సగటును మించింది. కోయిలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ వైపు శీతాకాలం వస్తే కంటికి అందినంత దూరం శనగే. మా ఇంటి మీద మిద్దె పడింది అప్పుడే. నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది కూడా ఆ గింజే. బెలాజియోలో కూచున్నవాళ్లు అనుకున్నది మా చేను వరకు అక్షరాలా జరిగింది.

*

2013 ఫిబ్రవరిలో డెబ్బై క్వింటాళ్లు అయ్యాయి. అంతకుముందు ఏడాది ఆపుకున్నవాళ్లకు మంచి ధర వచ్చింది కాబట్టి, నాయన కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ రసీదు మీద ఒక బ్యాంకులో అప్పు తెచ్చాడు. మా వైపు అందరూ చేసిందే చేశాడు. ధర దిగడం మొదలైంది. 2013-14 పంటకు కేంద్రం మద్దతు ధర 3,100 రూపాయలు. మార్కెట్లో ఆ ధర కూడా రాలేదు. పాత పంట గోడౌన్లో ఉండగానే కొత్త పంట వచ్చి పక్కన నిలబడింది. బ్యాంకు నోటీసులు మొదలయ్యాయి. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. పద్దెనిమిది నెలలు వడ్డీ నా జీతంలోంచి పోయింది. 2014 చివర్లో, అద్దె, వడ్డీ పోను ఏమీ మిగలదని తెలిసే అమ్మేశాం. రెండేళ్లకు, 2016 ఆఖర్లో, శనగ ధర ఎన్నడూ లేనంత పైకి పోయింది. నాయన ఆ నెలంతా పేపర్లో మార్కెట్ పేజీ చూడలేదు.

ఇన్నేళ్లూ దాన్ని మా దురదృష్టం అనుకున్నాను. వెనక్కి వెతికితే తేదీలు దొరికాయి. 2006 జూన్‌లో కేంద్రం పప్పుధాన్యాల ఎగుమతి నిషేధించింది, కాబూలీ శనగకు మినహాయింపు ఇచ్చి. అదే నెలలో దిగుమతి సుంకం సున్నా చేసింది. నగరంలో పప్పు ధర పెరక్కూడదన్నది ఉద్దేశం. అంటే జేజీ-11 మా నేలలో బలంగా పాతుకుంటున్న కాలంలోనే, దానికి బయటికి పోయే తలుపు మూశారు, లోపలికి వచ్చే తలుపు బార్లా తెరిచారు. 2016 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ నివేదిక ఇచ్చాడు, ఎగుమతి నిషేధం, నిల్వల పరిమితి ఎత్తెయ్యమని. 2017 నవంబరులో ఎత్తేశారు. పదకొండేళ్లు. ఆ వెంటనే డిసెంబరులో దిగుమతి సుంకం 30 శాతం, 2018 మార్చికల్లా 60. మళ్లీ 2024 మేలో ఆ సుంకం తీసేశారు.

దీనికి ఇక్రిశాట్‌ను నిందించలేను. విత్తనం ఇచ్చేవాళ్ల చేతిలో తలుపు తాళాలు ఉండవు. సీజీఐఏఆర్ కుటుంబంలో విధానాల కోసమే ఇంకో సంస్థ ఉంది, వాషింగ్టన్‌లో. అది పత్రాలు రాస్తుంది, సిఫార్సు చేస్తుంది. సంతకం ఢిల్లీలో జరుగుతుంది. ఆ సంతకం పెట్టేవాడి ముందు పప్పు కొనే నగరం రోజూ నిలబడి ఉంటుంది, అందులో నేనూ ఉన్నాను. శనగ పండించే కోయిలకుంట్ల ఏడాదికోసారి, అదీ ధర పడ్డాక కనబడుతుంది. తెలిసినవాడినీ సంతకం పెట్టేవాడినీ ఒక గదిలో కూచోబెట్టాలన్న ఆ పాత ఆశలో, గింజ వరకు ఇద్దరూ నిజంగానే కూచున్నారు. ధర దగ్గరికి వచ్చేసరికి ఒకరు మాట్లాడి లేచిపోయాక రెండోవారు వస్తున్నారు.

గింజ మా దిగుబడి పెంచింది. నష్టం వస్తే ఎవరు మొయ్యాలన్నది మాత్రం ఔరేపల్లె పుస్తకాల్లో రాసుకున్న చోటే ఉంది. అప్పుడు ఎద్దులమ్మారు, దూరపు వియ్యాలు కలుపుకున్నారు. ఇప్పుడు కొడుకును హైదరాబాద్ పంపుతున్నారు. ఆ పత్రాల ప్రకారం నేను మా ఇంటి భీమా పాలసీని. పద్దెనిమిది నెలల వడ్డీ దాని చెల్లింపు.

మొన్న ఫిబ్రవరిలో ఊరికి పోయినప్పుడు నాయనతో కోల్డ్ స్టోరేజీ దాకా నడిచాను. బయట లారీలు, హమాలీలు, శనగ దుమ్ము. ఈ చదువంతా చెప్పాను, బెలాజియో, నాణెం ఆట, ఎగుమతి నిషేధం. అంతా ఓపిగ్గా విన్నాడు. జేజీ అంటే జవహర్ గ్రామ్ అన్నప్పుడు మాత్రం నవ్వి, "మీ జేజికి చెప్పకు, బాధ పడతాది" అన్నాడు. తర్వాత సంచుల వైపు చూసి అడిగాడు.

"ఇంత చదివినావు గదా. ఇప్పుడు అమ్మమంటావా, ఆపమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. సగం అమ్ముదాం, సగం ఆపుదాం అన్నాను. ఔరేపల్లెలో అందరూ ఎంచుకున్న మధ్య మెట్టే అది.